మోకాలి నొప్పి, కండరాల బిగుతు: ఏ కండరమో తేల్చుకోకుండా సాగదీస్తే లాభమేంటి?

నిదానం (చర్చ మొదలుపెట్టినవారు)

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఎక్కువ. గంటసేపు కుర్చీలో కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులు పట్టేసినట్టు. ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గదేమీ ఉండదు. ఇలాంటివాళ్లకి అన్నిచోట్లా వినిపించేది ఒకటే మాట: 'కండరాలు పట్టేశాయి, స్ట్రెచింగ్ చేసుకోండి.' ఏ కండరం, ఎంతసేపు, ఎన్నిసార్లు, ఎప్పటికి తగ్గాలి అన్నది ఎవరూ చెప్పరు. ఈ వేదికలో ఫిజియోథెరపీ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు కదా, ఆ వివరాలన్నీ ఒకచోట రాస్తే బాగుంటుంది. పైపై సలహాలు కాదండి, కొలతలతో సహా.

గోనియోమీటర్

మంచి ప్రశ్న. ముందు కొలత, ఆ తర్వాతే చికిత్స. 'పట్టేసినట్టు ఉంది' అనేది ఒక అనుభూతి. కండరం నిజంగా పొట్టిదైపోయిందా లేదా అన్నది పరీక్ష తేలుస్తుంది. ఈ రెండూ ప్రతిసారీ ఒకటి కావు.

తొడ ముందు భాగానికి మాడిఫైడ్ థామస్ పరీక్ష చేస్తాం. బల్ల అంచున, పిర్రల కింది ఎముకలు సరిగ్గా అంచు మీద ఉండేలా కూర్చోబెట్టాలి. రెండు మోకాళ్లూ ఛాతీకి హత్తుకుని వెనక్కి పడుకోమనాలి. నడుము బల్లకి ఆనాలి. ఒక మోకాలు అలాగే పట్టుకుని రెండో కాలు వదిలేయమనాలి. ఇప్పుడు వేలాడే కాలు చూడండి. తొడ బల్లకి సమాంతరంగా దిగకుండా పైనే ఆగిపోతే తుంటిని ముందుకి వంచే కండరాల్లో బిగుతు ఉంది. తొడ దిగినా మోకాలు 80 డిగ్రీల వరకు కూడా వంగకుండా ముందుకి చాచుకున్నట్టు ఉంటే బిగుతు రెక్టస్ ఫెమోరిస్‌ది (తొడ ముందు మధ్యలో ఉండే కండరం). తొడ బయటికి జారిపోతుంటే టీఎఫ్ఎల్‌ది (తుంటికి ముందు పక్కగా ఉండే చిన్న కండరం). తొడ పైనే ఆగినప్పుడు ఇంకో చిట్కా ఉంది: మోకాలిని చేత్తో కొంచెం చాచి చూడండి. వెంటనే తొడ కిందికి దిగితే దోషం రెక్టస్‌దే. ఎందుకంటే తుంటిని, మోకాలిని రెండింటినీ దాటి వెళ్లేది క్వాడ్రిసెప్స్‌లో (తొడ ముందున్న నాలుగు కండరాల గుంపు) అదొక్కటే.

ఈ పరీక్ష తప్పేది ఒకేచోట. పై మోకాలిని సరిగ్గా హత్తుకోకపోతే నడుము విల్లులా పైకి లేస్తుంది, తొడ దిగినట్టే కనిపిస్తుంది. బిగుతు ఉన్నా లేదనిపిస్తుంది. మరీ గట్టిగా హత్తుకుంటే కటి (తుంటి ఎముకల గూడు) వెనక్కి తిరిగి, లేని బిగుతు కనిపిస్తుంది. నడుము కింద అరచెయ్యి పెట్టి, నడుము దానికి ఆనగానే హత్తుకోవడం ఆపించాలి.

తొడ వెనక కండరానికి (హ్యామ్‌స్ట్రింగ్): వెల్లకిలా పడుకుని ఒక కాలు నేల మీద చాచి ఉంచి, రెండోదాని తుంటిని 90 డిగ్రీలు వంచి, తొడని రెండు చేతులతో పట్టుకుని మోకాలిని చాచాలి. పూర్తిగా నిటారు కావడానికి 20 డిగ్రీల లోపు మిగిలితే పరవాలేదు. 40 మిగిలితే అది అసలైన బిగుతు.

పిక్కల సంగతి పిక్కబలం గారికి వదిలేస్తున్నా, పేరులోనే ఉంది కదా.

పిక్కబలం

వదిలేశారు కాబట్టి ఒక పొరపాటుతో మొదలుపెడతా. చాలామంది పిక్క బిగుతుని గోడ పరీక్షతో చూస్తారు. పాదం గోడకి కొంచెం దూరంగా పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకి ఆనించడం. బొటనవేలి నుంచి గోడకి 10 సెం.మీ. దాకా వస్తే బాగున్నట్టే. రెండు కాళ్ల మధ్య 2 సెం.మీ.కి మించి తేడా ఉంటే పట్టించుకోవాలి. పరీక్ష మంచిదే. కానీ మోకాలు వంచి చేస్తున్నాం కదా, అంటే ఇందులో తెలిసేది సోలియస్ (పిక్క లోపలి కండరం), చీలమండ కీలు సంగతి. మోకాలిని దాటి పైకి వెళ్లే గ్యాస్ట్రోక్నీమియస్ (పిక్క పై కండరం) మోకాలు వంగగానే వదులైపోతుంది. దాన్ని మోకాలు చాచి ఉంచే చూడాలి. గోడ పరీక్షలో చీలమండ ముందు వైపు నొక్కేసినట్టు అనిపిస్తే ఇబ్బంది కీలులో ఉంది. పిక్కని ఎంత సాగదీసినా ఆ సెంటీమీటర్లు పెరగవు.

పిక్క బిగుతుతో మోకాలికి ఏం సంబంధం అని అడుగుతారు. మెట్టు దిగేటప్పుడు పై మెట్టు మీదున్న పాదం మీదుగా మోకాలు ముందుకి వెళ్లాలి. చీలమండ అంత వంగనప్పుడు శరీరం దొంగదారి వెతుక్కుంటుంది: పాదం లోపలికి ఒరుగుతుంది, కాలిఎముక లోపలికి తిరుగుతుంది, మోకాలు బొటనవేలి కంటే లోపలికి పడుతుంది. అప్పుడు చిప్ప తన గాడిలో బయటి అంచుని ఒరుసుకుంటూ జరుగుతుంది.

మిగతావాటి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ముందు తొడ బిగుసుకుంటే మోకాలు వంచినప్పుడల్లా చిప్పని తొడ ఎముకకి అదిమేస్తుంది. వెనక తొడ బిగుసుకుంటే మోకాలిని చాచడానికి ముందు కండరం ఆ లాగుడుకి ఎదురు పనిచేయాలి, ఆ అదనపు బలమంతా చిప్ప మీద పడుతుంది. అంటే నొప్పి ముందు, కారణం వెనక. అందుకే నొప్పి ఉన్నచోటే రుద్దుకుంటూ కూర్చుంటే పని జరగదు.

కొత్తచిగురు

తొడ బయటి వైపు ఐటీ బ్యాండ్‌ని ఫోమ్ రోలర్ మీద రుద్దితే సాగుతుందని వీడియోల్లో చెబుతుంటారు. రోలర్ మీద పడుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. నొప్పి ఉందంటే పనిచేస్తున్నట్టేనా అండి?

గోనియోమీటర్

కాదు. ఐటీ బ్యాండ్ కండరం కాదు, మందపాటి పట్టీ. తొడ ఎముకకి దాని పొడవునా అతుక్కుని ఉంటుంది. శరీరం బరువు రోలర్ మీద వేసినంత మాత్రాన అది సాగదు. ఆ నొప్పి పట్టీకీ ఎముకకీ మధ్య ఉన్న మెత్తటి కణజాలం నలగడం వల్ల వచ్చేది. పళ్లు బిగబట్టి ఓర్చుకుంటే దక్కేది కమిలిన మచ్చ ఒక్కటే.

ఆ పట్టీని బిగించే కండరాలు పైన ఉన్నాయి: ముందు టీఎఫ్ఎల్, వెనక పెద్ద పిర్ర కండరం. రోలర్ వాడాలనుకుంటే తుంటి ఎముక పొడుచుకొచ్చే చోటికి కొంచెం ముందుగా, ప్యాంటు జేబు ఉండే ప్రాంతంలో వాడండి. ఒక్కోచోట 30 నుంచి 60 సెకన్లు, ఓర్చుకోగలిగే ఒత్తిడితో చాలు. రోలర్ వల్ల కండరం పొడవు పెరగదు. కాసేపు కదలిక సులువవుతుంది, అంతే. ఆ కాసేపట్లో వ్యాయామం చేసేయాలి. రోలర్ చేసి సోఫాలో కూర్చుంటే చేసిందంతా వృథా.

సాగుబడి

ఇక స్ట్రెచింగ్ కొలతలు. పెద్దవాళ్లకి ఒక్కోసారి 30 సెకన్లు పట్టి ఉంచితే సరిపోతుంది. కండరానికి 2 నుంచి 4 సార్లు, వారంలో కనీసం 5 రోజులు. 60 ఏళ్లు దాటినవాళ్లు ఒక్కోసారి 60 సెకన్ల దాకా ఉంచొచ్చు. 10కి 4 స్థాయి లాగుడు చాలు. 8 దాకా వెళితే కండరం ఎదురు బిగుసుకుంటుంది. ఊపుతూ లాగడం వద్దు. కొలతలో చెప్పుకోదగ్గ మార్పుకి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి రోజే 10 డిగ్రీలు పెరిగితే అది కండరం పొడవు కాదు, లాగుడుని మెదడు కొంచెం ఎక్కువ ఓర్చుకుందంతే.

క్వాడ్రిసెప్స్ స్ట్రెచ్ ఒకటి వివరంగా రాస్తా, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇందులోనే. నిలబడి మడమని పిర్రకి లాక్కునే పద్ధతి అందరికీ తెలుసు. అందులో జరిగేదేంటంటే, మడమ పిర్రని తాకుతుంది కానీ తొడ ముందుకి వచ్చేస్తుంది, నడుము వంపు తిరుగుతుంది. రెక్టస్ పై కొస వదులైపోతుంది. మోకాలి చిప్ప మాత్రం పూర్తిగా నలుగుతుంది. నొప్పి ఉన్న మోకాలికి ఇంతకంటే చెడ్డ బేరం లేదు.

పక్కకి తిరిగి పడుకుని చేయండి. కింది మోకాలిని ఛాతీ వైపు మడిచి కింది చేత్తో పట్టుకోండి, దాంతో కటి కదలదు. పై కాలి చీలమండకి ఒక తువ్వాలు చుట్టి పై చేత్తో పట్టుకోండి. ఇప్పుడు వరుస ముఖ్యం. మొదట పిర్ర బిగించి కటిని కొంచెం వెనక్కి తిప్పాలి. తర్వాత తొడని వెనక్కి తేవాలి. మడమని దగ్గరికి లాగడం చిట్టచివర, అదీ అవసరమైతేనే. లాగుడు తొడ మధ్యలోనో గజ్జ దగ్గరో తెలియాలి. చిప్ప మీద తెలిస్తే మడమని వదులు చేసి తొడని ఇంకా వెనక్కి తెండి. బిగుతు బాగా ఉన్నవాళ్లకి మడమ పిర్రకి జానెడు దూరంలో ఉండగానే లాగుడు వచ్చేస్తుంది. అక్కడే ఆగాలి.

తొడ వెనక కండరానికి ముందుకి వంగి కాలివేళ్లు అందుకోవడం వద్దు, వంగేది నడుమే. గుమ్మం పక్కన వెల్లకిలా పడుకుని, ఒక కాలు గుమ్మంలోంచి అవతలికి చాచి, రెండోదాని మడమ గోడకి ఆనించండి. లాగుడు సరిపోకపోతే పిర్రని గోడకి దగ్గరగా జరపండి. చేతులకి పని లేదు, కండరం దానంతటదే వదులవుతుంది.

పిక్కకి గోడ దగ్గర నిలబడి చేసేటప్పుడు వెనక పాదం నేరుగా ముందుకే చూడాలి. పాదం బయటికి తిరిగితే అరికాలి వంపు కూలిపోయి, పిక్క సాగకుండానే మడమ కింద ఆగుతుంది. అవసరమైతే అరికాలి వంపు కింద మడిచిన గుడ్డ పెట్టండి. మోకాలు చాచి ఒకసారి, కొంచెం వంచి ఒకసారి.

నిదానం

ఫిజియోలు కాలిని నెట్టమని, మళ్లీ వదలమని చేయించేది వేరే పద్ధతా?

సాగుబడి

అవును, కాంట్రాక్ట్-రిలాక్స్. హ్యామ్‌స్ట్రింగ్ లాగుడు మొదలైన చోట ఆపి, మడమతో ఎదుటివాళ్ల భుజాన్నో గోడనో కిందికి నొక్కాలి. బలంలో సగమో అంతకంటే తక్కువో చాలు, 5 నుంచి 6 సెకన్లు. వదిలి ఊపిరి బయటికి వదిలాక కొత్త హద్దుకి వెళ్లి 15 నుంచి 20 సెకన్లు. ఇలా 3 నుంచి 4 విడతలు. పూర్తి బలంతో నొక్కితే పిక్క పట్టేస్తుంది, పైగా సహాయం చేసేవాళ్ల భుజం కూడా. కండరం ఈమధ్యే చీరుకుపోయి ఉంటే ఈ పద్ధతి వద్దు.

బరువుబండి

ఇంతవరకూ బాగుంది కానీ, స్ట్రెచింగే చికిత్స అనుకుని చదివేవాళ్లు వెళ్లిపోతారేమోనని నా భయం. బిగుసుకున్న కండరం చాలాసార్లు బలహీనమైన కండరం. పిర్ర పక్క కండరం పని చేయనప్పుడు టీఎఫ్ఎల్ ఆ బరువు మోస్తుంది, మోసి మోసి బిగుసుకుంటుంది. దాన్ని సాగదీస్తే సాయంత్రానికి మళ్లీ మొదటికే. బరువు మోసే కండరాన్ని తయారు చేయనంతకాలం ఇదే వరస.

ఇంకో సంగతి, సాగుతూ పనిచేసే వ్యాయామాలు బలాన్నీ పొడవునీ కలిపి ఇస్తాయి. హ్యామ్‌స్ట్రింగ్‌కి రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (చేతుల్లో బరువుతో తుంటి దగ్గర వంగి లేవడం): మోకాళ్లు 15 నుంచి 20 డిగ్రీలు వంచి అక్కడే ఉంచాలి, తుంటిని వెనక్కి నెడుతూ 3 సెకన్లలో కిందికి, 8 నుంచి 10 సార్లు, 3 విడతలు. నడుము గుండ్రమవ్వడం మొదలైన చోటే మీ హద్దు. పిక్కకి మెట్టు అంచున మడమ దించడం: రెండు కాళ్లతో పైకి, ఒక్క కాలితో 3 సెకన్లలో కిందికి, 12 నుంచి 15 సార్లు, 3 విడతలు.

ముందు తొడకి చోటు ఎంచుకోవాలి. పాదం నేల మీద ఉండే స్క్వాట్‌లో 0 నుంచి 45 డిగ్రీల వంపు వరకు చిప్ప మీద ఒత్తిడి తక్కువ. పాదం గాల్లో ఉండే లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో (కూర్చుని మోకాలు చాచడం) తిరగేసి, 90 నుంచి 45 వరకు తక్కువ, చివరి భాగంలో ఎక్కువ. నొప్పి ఉన్నన్నాళ్లూ ఆ హద్దుల్లోనే చేయించాలి. జిమ్ యంత్రం మీద కాలు పూర్తిగా చాచి బిగబట్టి ఉంచమనే సలహా సరిగ్గా దీనికి విరుద్ధం. క్వాడ్రిసెప్స్‌లో చిప్పకి లోపలి వైపుండే వీఎంఓ కండరం ఒక్కదాన్నే విడిగా పెంచే వ్యాయామాలు అంటూ ఏవీ లేవు, క్వాడ్రిసెప్స్ మొత్తంగానే బలపడుతుంది.

పిర్ర పక్క కండరానికి పక్కకి పడుకుని కాలు లేపడం. వీపు గోడకి ఆనించి పడుకుని, పై మడమ గోడని రాసుకుంటూ పైకి వెళ్లాలి. కాలు ముందుకి వస్తే పనంతా మళ్లీ టీఎఫ్ఎల్‌దే. దాన్ని ఒకపక్క సాగదీస్తూ ఇంకోపక్క బిగిస్తున్నట్టు.

గోనియోమీటర్

బరువుబండి గారితో సగం ఏకీభవిస్తా. బలం తప్పనిసరి. కానీ థామస్ పరీక్షలో మోకాలు 60 డిగ్రీలే వంగినవాళ్లకి స్క్వాట్ ముందు పెడితే చిప్ప ఊరుకోదు. వాళ్లకి మొదటి 2 వారాలు స్ట్రెచింగ్, గోడకి ఆని కూర్చునే వ్యాయామం చాలు: 45 డిగ్రీల దగ్గర 30 సెకన్లు, 5 సార్లు. కొలత మామూలుగానే ఉండి 'పట్టేసినట్టు' మాత్రం ఉంటే, స్ట్రెచింగ్ వదిలేసి నేరుగా బలానికి వెళ్లొచ్చు.

బరువుబండి

60 డిగ్రీలవాళ్ల విషయంలో సరే, ఒప్పుకున్నా.

నరాలబాట

ఒక హెచ్చరిక. తొడ వెనక లాగుడు మోకాలి వెనక గుంటలోనో పిక్కలోనో వస్తూ, సన్నటి తీగ లాగినట్టో జిల్లుమన్నట్టో ఉంటే అది కండరం కాకపోవచ్చు, సయాటిక్ నరం (నడుము నుంచి కాలి వెనకగా దిగే పెద్ద నరం) కావచ్చు. తేల్చుకోవడం తేలికే. కాలు ఎత్తి లాగుడు వచ్చిన చోట ఆపండి. తొడని కదపకుండా పాదాన్ని మీ వైపు వంచండి. లాగుడు పెరిగిందా? ఇప్పటికి ఏమీ తేలలేదు, అది పిక్క కూడా కావచ్చు. పాదం అలాగే ఉంచి తలని పైకి లేపి గడ్డం ఛాతీకి ఆనించండి. మెడ కదిలితే పిక్క పొడవు మారదు కదా. అయినా లాగుడు మారితే అది నరం.

నరానికి 30 సెకన్ల స్ట్రెచ్ పనికిరాదు, రాత్రికి ఇంకా సలుపుతుంది. కుర్చీలో కూర్చుని మోకాలు చాస్తూ తల పైకెత్తడం, మోకాలు వంచుతూ తల దించడం. ఒక కొస లాగితే రెండో కొస వదలడం అన్నమాట. 10 నుంచి 15 సార్లు, ఎక్కడా పట్టి ఉంచకుండా. తిమ్మిరి, పాదం బలహీనత ఉంటే ఇంట్లో ప్రయోగాలు వద్దు, నడుము చూపించుకోవాలి.

తోటమాలి

పెద్దవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. కీలు అరుగుదల ఉన్నవాళ్లలో మోకాలు పూర్తిగా చాపలేకపోవడం మెల్లగా వస్తుంది. 5 నుంచి 10 డిగ్రీలు తక్కువైతేనే నిలబడ్డంతసేపూ ముందు తొడ బిగిసి ఉండాల్సి వస్తుంది, సాయంత్రానికి అలసిపోతుంది. దీనికి పెద్ద కారణం మోకాలి కింద దిండు. హాయిగా ఉంటుంది, అదే దాని మోసం. రాత్రంతా వంగి ఉంటే వెనక కండరాలు, కీలు సంచి ఆ పొడవుకే అలవాటుపడతాయి.

దిండుని మోకాలి కిందినుంచి తీసి మడమ కిందికి మార్చండి. మడిచిన తువ్వాలు మీద మడమ ఆనించి మోకాలిని గాల్లో వదిలేయాలి, 10 నిమిషాలు, రోజుకి 3 సార్లు. పైనుంచి ఎవరూ నొక్కకూడదు. తక్కువ లాగుడు, ఎక్కువ సమయం. ముందు 15 నిమిషాలు వేడి కాపడం పెడితే ఇంకా సులువు. వాపు ఉన్న మోకాలికి మాత్రం కాపడం వద్దు, ఐస్ 10 నిమిషాలు.

పిల్లల సంగతి వేరు. ఎదిగే వయసులో మోకాలి కింద ఎముక బుడిపె దగ్గర నొప్పి, వాపు ఉంటే ఆస్‌గుడ్ ష్లాటర్ అయ్యుండొచ్చు. ముందు తొడ బిగుతు అక్కడ నిజమే, కానీ నొప్పి మండుతున్నప్పుడు గట్టిగా సాగదీస్తే ఆ బుడిపెనే లాగినట్టు. ముందు దూకడం, పరుగెత్తడం తగ్గించాలి. ఇంకొకటి, పిల్లలు మోకాలు నొప్పి అని కుంటుతుంటే తుంటి తప్పకుండా చూడాలి. జబ్బు తుంటిలో ఉండి నొప్పి మోకాలిలో చూపించడం మామూలే.

కొత్తచిగురు

మరి కరెంట్ పెట్టించుకోవడం, అల్ట్రాసౌండ్, టేపులు?

పిక్కబలం

చిప్ప నొప్పికి అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ ఆర్థోపెడిక్ విభాగం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. తుంటి, మోకాలి వ్యాయామాలు కలిపి చేయించాలి. అల్ట్రాసౌండ్, కరెంట్ లాంటి యంత్రాలు వద్దు. డ్రై నీడ్లింగ్ (మందు లేని సన్నటి సూదులు కండరంలో గుచ్చడం) వద్దు. టేపు వేయొచ్చు, కానీ వ్యాయామంతో కలిపి, 4 వారాల వరకే. పాదం ఎక్కువగా లోపలికి ఒరిగేవాళ్లకి రెడీమేడ్ ఇన్‌సోల్ 6 వారాల వరకు.

టేపు అంటే ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్ట్ జెన్నీ మెక్‌కానెల్ 1986లో ప్రచురించిన పద్ధతి. చిప్పని బయటి నుంచి లోపలికి మెల్లగా నెట్టి గట్టి టేపుతో పట్టి ఉంచడం. వేయక ముందు ఒక మెట్టు దిగించి నొప్పికి 10కి మార్కు అడగండి. వేశాక మళ్లీ అడగండి. అక్కడికక్కడే తగ్గకపోతే ఆ టేపు ఆ మనిషికి కాదు, తీసేయడమే. చర్మం దురద పెడితే కూడా.

షార్ట్‌వేవ్ డయాథర్మీ (ఒంటి లోపల వేడి పుట్టించే యంత్రం) ఎక్కడైనా పెడతామంటే, ఒంట్లో లోహపు ప్లేటు, పేస్‌మేకర్, గర్భం ఇవి ఉన్నట్టయితే ముందే చెప్పాలి, పెట్టకూడదు.

నిదానం

వ్యాయామంలో నొప్పి వస్తే ఆపాలా, కొనసాగించాలా? ఇక్కడే అందరూ తికమకపడేది.

బరువుబండి

చేస్తుండగా 10కి 3 లోపు నొప్పి, మర్నాడు పొద్దున్నకి మామూలు స్థాయికి వచ్చేస్తే కొనసాగించొచ్చు. మర్నాడు కూడా ఎక్కువుంటే బరువో, లోతో, విడతలో, ఏదో ఒకటే తగ్గించండి. మూడూ ఒకేసారి తగ్గిస్తే ఏది పడలేదో ఎప్పటికీ తెలియదు.

మోకాలు వాచడం, మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం, నడుస్తుంటే ఉన్నట్టుండి జారిపోవడం, ఎర్రగా వేడెక్కి జ్వరం రావడం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, ఇవి బిగుతు లెక్కలోకి రావు. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. చివరి రెండింట్లో ఏ ఒక్కటి ఉన్నా అస్సలు ఆలస్యం చేయొద్దు.

గోనియోమీటర్

కొలత మళ్లీ ఎప్పుడు అని ఎవరో అడుగుతారు కాబట్టి: 2 వారాలకోసారి, అదే వేళకి, వ్యాయామానికి ముందు. గోడ పరీక్షలో సెంటీమీటర్లు, హ్యామ్‌స్ట్రింగ్ డిగ్రీలు రాసి పెట్టుకోండి. వాటితో పాటు మెట్టు దిగడం. 10 సెం.మీ. ఎత్తు పీట మీద ఒంటికాలితో నిలబడి, 3 సెకన్లలో రెండో మడమ నేలని తాకించి లేవాలి, అద్దం ముందు. మోకాలు రెండో వేలికి నేరుగా ఉంటూ, కటి ఒకవైపు కుంగకుండా 10 సార్లు వస్తే 15 సెం.మీ., ఆ తర్వాత 20. డిగ్రీలు పెరిగి పీట ఎత్తు పెరగకపోతే స్ట్రెచింగ్ తగ్గించి బరువుబండి గారి జాబితా మీద పడండి.

సాగుబడి

పీట కాలు ఊగకుండా చూసుకోండి. లేకపోతే పడి చీలమండ మెలిపడుతుంది, దానికి ఇంకో చర్చ మొదలుపెట్టాలి.